ఉమియోలో మొదటి చలికాలం, రెండున్నరేళ్ల పాప. ఉగాది దాకా ఇండియా పంపెయ్యమంటున్నారు, ఏం చెయ్యమంటారు?

రాజమండ్రి_టు_ఉమియో:

అందరికీ నమస్తే. మేం మే నెలలో హైదరాబాద్ నుంచి స్వీడన్ వచ్చాం, బాగా ఉత్తరాన ఉమియోలో ఉంటున్నాం. నేను యూనివర్సిటీలో పోస్ట్‌డాక్, మా ఆయనది ఐటీ. పాపకి రెండున్నరేళ్లు. వచ్చిన కొత్తలో రాత్రి పదకొండైనా వెలుతురు పోక, అది పడుకోక, కిటికీలకి నల్ల గుడ్డలు కట్టుకుని తంటాలు పడ్డాం. ఇప్పుడు నవంబరు ఆఖరు, అంతా తలకిందులు. మధ్యాహ్నం రెండు దాటితే సూర్యుడు లేడు. నాలుగింటికి ఫోర్‌స్కూలా (ఇక్కడి ప్లేస్కూలు) నుంచి తీసుకొస్తుంటే చిమ్మచీకటి. గుమ్మంలోకి రాగానే "అమ్మా రాత్రైంది, బజ్జుందాం" అంటుంది. సరే పాపం అని పడుకోబెడితే తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుని బొమ్మలు కావాలంటుంది. పడుకోనివ్వకుండా ఆపితే ఆరింటికి మొదలయ్యే ఏడుపు ఎనిమిదింటి దాకా ఆగదు. ఆ గోల పడలేక ఫోన్లో రైమ్స్ పెట్టేస్తున్నాం, అది వేరే బెంగ.

పొద్దున్నే ఇంకో యుద్ధం. మెడ నుంచి కాళ్ల దాకా ఒకటే ముక్కగా ఉండే ఆ స్నో ఓవరాల్ వేసేసరికి నాకు చెమటలు, దానికి ఏడుపు. అన్నీ తొడిగాక "చుచ్చు" అంటుంది.

దీనికి తోడు మా అత్తయ్యగారు. ఫోర్‌స్కూలా వాళ్లు యాప్‌లో పెట్టే ఫొటోలు మా ఆయన ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. పాప మంచులో కూర్చుని బకెట్ నింపుకుంటోంది, ముక్కు ఎర్రగా ఉంది. అంతే, రాత్రికి వీడియో కాల్. పసిదాన్ని మంచులో కూర్చోబెడతారా, వాళ్లకి పిల్లల్లేరా, మీరైనా అడగరా అని. నిజంగానే అక్టోబరు నుంచి జలుబు, దగ్గు తగ్గడం లేదు. ఇప్పుడు వాళ్ల మాటేంటంటే, డిసెంబర్లో వచ్చి పాపని రాజమండ్రిలో దించేసి వెళ్లండి, ఉగాదికి తీసుకెళ్దురుగాని, ఇక్కడ ఎండ ఉంది, నలుగురూ ఉన్నారు అని. మా ఆయన "ఆలోచిద్దాం" అంటున్నారు, అంటే సగం ఒప్పేసుకున్నట్టే. నాకు మనసొప్పడం లేదు, అలాగని దాని దగ్గు వింటుంటే గట్టిగా వద్దనీ అనలేకపోతున్నాను. ఇక్కడ చిన్నపిల్లలతో చలికాలాలు గడిపినవాళ్లు చెప్పండి, నిజంగా అంత కష్టమా, లేక కొత్త కాబట్టి ఇలా ఉందా?

లులియో_అక్క:

చెల్లీ, మీకంటే ఇంకా పైన, లులియోలో పదేళ్లుగా ఉంటున్నాం, ఇద్దరు పిల్లలు. డిసెంబర్లో మాకు పగలు మూడు గంటలు, మీకు నాలుగున్నర. ఆ గంటన్నర కోసం నేను ఉమియో వాళ్ల మీద ఎప్పుడూ కుళ్లుకుంటూనే ఉంటాను.

ముందు ఆ ఫొటో సంగతి. అది ఏ టైములో తీశారో చూడు. పదకొండో పన్నెండో అయ్యుంటుంది. అంటే రోజు మొత్తంలో ఉన్న కాస్త వెలుతురులో మీ పాప బయట ఉంది. నువ్వెక్కడున్నావు? ల్యాబ్‌లో. మీ ఆయన? స్క్రీన్ ముందు. ఇంట్లో ముగ్గురిలో పగటి వెలుతురు చూస్తున్నది అదొక్కతే. చీకటి దెబ్బ ముందు తగిలేది పెద్దవాళ్లకి, మన విసుగు చూసి పిల్లలు పేచీ పెడతారు. కాబట్టి అత్తయ్యగారి మాట విని ఫోర్‌స్కూలా వాళ్లతో "బయటికి తీసుకెళ్లకండి" అని మాత్రం అనకు. వాళ్లు వినరులే, అది వేరే విషయం. ఇక్కడ నెలల పిల్లల్ని కూడా బండిలో పెట్టి బయటే నిద్రపుచ్చుతారు. మా చిన్నాడు అలా పడుకున్న రోజుల్లో మా అమ్మకి వీడియో కాల్ ఇంటి లోపలి నుంచే చేసేదాన్ని. మరీ మైనస్‌లోకి పోతే లోపలే ఉంచుతారు, ఎంత మైనస్ అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అడిగి తెలుసుకో.

బట్టలు. ఇండియా నుంచి తెచ్చిన కాటన్ థర్మల్స్ వేస్తున్నావా? వేస్తుంటే ఇవాళే తీసెయ్. కాటన్ చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, పిల్ల ఆట ఆపి కూర్చోగానే ఆ తడి చల్లబడి వణుకు వస్తుంది. ఒంటికి తగిలే పొర ఉన్ని ఉండాలి, మెరినో అయితే దురద పెట్టదు. దాని మీద ఫ్లీస్, పైన ఓవరాల్. సున్నా దగ్గర తిరిగే రోజుల్లో మధ్య పొర తీసెయ్, లేకపోతే లోపల ఉడికిపోతుంది. చేతులు ముట్టుకుని చల్లగా ఉన్నాయని కంగారు పడకు, మెడ వెనక వేలు పెట్టి చూడు, అక్కడ వెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెమటగా ఉంటే ఎక్కువ వేశావన్నమాట. బూట్లు కాస్త వదులుగా ఉండాలి, రెండు జతల సాక్సు వేసి బిగించి తొడిగితే కాళ్లు ఇంకా తొందరగా చల్లబడతాయి. స్కార్ఫ్ చుట్టకు, జారుడు బల్లకి చిక్కుకుంటే ప్రమాదం. తల మీంచి తొడిగే మెడపట్టీ కొను.

తొడిగే పద్ధతి ఒకటుంది, ఇక్కడి టీచర్లని చూసి పట్టాను. ముందు టాయిలెట్, తర్వాతే మిగతావన్నీ. ఓవరాల్ జిప్పు పూర్తిగా తీసి నేల మీద పరిచి, పిల్లని దాని మీద కూర్చోబెట్టు. కాళ్లు అదే దూర్చుకుంటుంది, నువ్వు ముట్టుకోకు. బూట్లు వేసి, ఓవరాల్ కాళ్ల కింద ఉండే రబ్బరు పట్టీ మడమ కిందికి లాగు. తర్వాత పొడుగు అంచున్న మిట్టెన్స్ (వేళ్లన్నీ కలిపి ఒకే సంచిలా ఉండేవి) తొడిగి, వాటి మీంచి ఓవరాల్ చేతులు వేసెయ్. అలా చేస్తే మణికట్టు దగ్గర మంచు దూరదు, అది ఊడబీక్కోనూ లేదు. టోపీ ఆఖరున, తలుపు తీసేముందు. మన బట్టలు ముందే వేసుకుని ఉండాలి, లేకపోతే మనం జాకెట్ వెతుక్కునేలోపు పిల్ల చెమటతో ఏడుస్తుంది. వేళ్లు విడివిడిగా ఉండే గ్లౌజులు ఈ వయసుకి వద్దే వద్దు. ఒక్కో వేలు దూర్చేసరికి చలికాలం అయిపోతుంది.

అన్నిటి మీదా పేరు రాయి. ఫోర్‌స్కూలాలో టోర్క్‌స్కోప్ అని బట్టలు ఆరబెట్టే బీరువా ఉంటుంది, అందులో అందరి మిట్టెన్స్ నల్లగానే ఉంటాయి.

సోఫాలో_దుప్పటి:

అందరూ ఓర్చుకో అలవాటు పడు అంటారు కాబట్టి నేను వేరేగా చెప్తా. పోవడం మంచిదే. కానీ పిల్లని పంపడం కాదు, పిల్లతో పాటు మీరూ పోవాలి. సంక్రాంతికి వెళ్లండి. సెలవు ఉన్నన్ని రోజులు ఎండలో కూర్చుని భోగిపళ్లు పోయించుకుని రండి. మేం స్టాక్‌హోమ్‌లో ఉంటాం, జూలైలో ఇండియా వెళ్లడం మానేశాం. ఇక్కడ బంగారంలాంటి వేసవి వదులుకుని అక్కడ ఉక్కపోతలో ఏం చేస్తాం? జనవరి టికెట్ క్రిస్మస్ హడావిడి అయ్యాక చూడండి, రేటు తగ్గుతుంది. తిరిగొచ్చేసరికి పగలు పెరగడం మొదలైపోతుంది, జనవరి ఆఖరుకి ఉమియోలో ఏడు గంటల దాకా వెలుతురు ఉంటుంది.

రెండున్నరేళ్ల పిల్లని మూడు నెలలు వదిలి ఉండటం మాత్రం... మీకు మనసొప్పడం లేదని మీరే రాశారు కదా. ఇంక మమ్మల్ని అడగడం ఎందుకు?

ఉప్సాలా_నర్సు:

ఇక్కడ హాస్పిటల్లో పనిచేస్తాను. పాపని చూడకుండా ఏదీ తేల్చి చెప్పలేను, సాధారణంగా మేం తల్లిదండ్రులకి చెప్పేవి చెప్తాను.

సాధారణంగా ఇలాంటి దగ్గు, జలుబు చలి వల్ల వచ్చేవి కావు. ఫోర్‌స్కూలాలో చేరిన మొదటి ఏడాది ప్రతి పిల్లాడూ పిల్లా పడే పాటు ఇది. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చెయ్యడం మామూలే, కొత్తగా చేరినప్పుడు ఇంకా ఎక్కువ రావచ్చు. అన్నీ చలికాలంలోనే ఒకదాని వెనక ఒకటి వస్తాయి కాబట్టి నెలల తరబడి ఒకే జలుబు ఉన్నట్టు అనిపిస్తుంది. రాజమండ్రిలో ప్లేస్కూల్లో వేసినా ఇంతే. ఇక్కడ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆల్వెడాన్ (మన పారాసెటమాల్) వెయ్యండి, నీళ్లు తాగించండి అని పంపేస్తారు, మనవాళ్లకి దాని మీద పెద్ద కంప్లైంట్. వైరస్ జలుబుకి యాంటీబయాటిక్ పనిచెయ్యదు, అందుకే ఇవ్వరు. ఊపిరి కష్టంగా తీస్తున్నా, ఏమీ తాగకపోయినా, ఒంటేలు బాగా తగ్గిపోయినా, పిల్ల డల్‌గా వాలిపోయి ఉన్నా మాత్రం ఆగకుండా చూపించాలి. అనుమానం వస్తే 1177కి ఫోన్ చెయ్యండి, ఏ రాత్రైనా నర్సు మాట్లాడతారు. ప్రాణం మీదికి వస్తే 112.

ఇంకొకటి, మీ ప్రశ్నలో లేదు కానీ అడగాల్సింది. డి విటమిన్ చుక్కలు వేస్తున్నారా? ఇక్కడ పుట్టిన పిల్లలకి బీవీసీ (పిల్లల ఆరోగ్య కేంద్రం) వాళ్లు రెండేళ్ల దాకా రోజుకి ఐదు చుక్కలు, అంటే 10 మైక్రోగ్రాములు వెయ్యమంటారు. మీరు మేలో వచ్చారు, పాప అప్పటికే రెండుకి దగ్గర పడి ఉంటుంది, ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. మనలాంటి చామనఛాయ పిల్లలకి, చేపలు తినని పిల్లలకి రెండేళ్లు దాటాక కూడా కొనసాగించాల్సి రావచ్చు. బీవీసీ నర్సుని అడిగి మొదలుపెట్టండి. అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంత ఉత్తరాన ఎండ ఉన్నా దాంట్లో బలం ఉండదు, ముఖం మీద పడినా విటమిన్ తయారవ్వదు. కాబట్టి కిటికీ పక్కన కూర్చోబెడితే సరిపోతుంది అనుకోవద్దు. ఇక్కడ డి విటమిన్‌ని పాలల్లో కలుపుతారు. కొవ్వు 3 శాతం లోపు ఉన్న పాలకి అది తప్పనిసరి, ఆ పాలు తోడేస్తే పెరుగులోనూ ఉంటుంది. మనవాళ్లందరూ ఇష్టపడే 10 శాతం టర్కిష్ పెరుగుకి ఆ రూలు లేదు, డబ్బా మీద చదువుకుని కొనండి.

జలుబుకి ఇంట్లో ఉండాల్సి వస్తే వాబ్ (జబ్బు చేసిన పిల్లని చూసుకోడానికి తీసుకునే సెలవు) పెట్టండి, జంకొద్దు. ఒక్కో పిల్లకి ఏడాదికి 120 రోజుల దాకా ఉంటుంది, మీరిద్దరూ మార్చుకుంటూ వాడుకోవచ్చు. జీతంలో దాదాపు 80 శాతం ఫోర్సాక్రింగ్స్‌కాసన్ అనే ప్రభుత్వ బీమా సంస్థ ఇస్తుంది, పైన ఒక పరిమితి ఉంది. మొదటి వారం డాక్టర్ సర్టిఫికెట్ అక్కర్లేదు, ఎనిమిదో రోజు నుంచి కావాలి. ఇండియా మేనేజర్ల దగ్గర పనిచేసి వచ్చినవాళ్లు పిల్లకి జ్వరం ఉన్నా తను మీటింగుకి వెళ్లాలని చూస్తారు. ఇక్కడ ఫిబ్రవరిలో సగం ఆఫీసు వాబ్‌లోనే ఉంటుంది, ఎవరూ ఏమీ అనుకోరు.

జనవరిలో వాంతుల వైరస్ తిరుగుతుంది. దానికి శానిటైజర్ సరిగ్గా పనిచెయ్యదు, సబ్బూ నీళ్లతోనే చేతులు కడగండి.

హనుమకొండ_నాన్న:

మేం గోథెన్‌బర్గ్. ఉమియోవాళ్లు మంచు అంటారు, మాకు మంచు కూడా లేదు, నవంబరు నుంచి వానే. మంచు ఉంటే చీకట్లో కూడా నేల తెల్లగా కనబడుతుంది, అది అదృష్టం అనుకోండి.

నిద్ర గురించి. ఫోర్‌స్కూలాలో మధ్యాహ్నం ఎంతసేపు పడుకుంటుందో కనుక్కున్నారా? మా బాబు అక్కడ గంటన్నర పడుకుని వచ్చేవాడు, మాకు తెలియదు. ముప్పావుగంటకి లేపమని చెప్తే లేపారు, అడిగితే చేస్తారు. ఇంటికి రాగానే ఇల్లంతా లైట్లు వేసెయ్యండి, అన్నీ, కరెంటు బిల్లు చూడకండి. ఆరున్నర దాకా ఇల్లు పగటిలా ఉండాలి. తిండి అయ్యాక ఒక్కొక్కటే ఆపుకుంటూ పోయి బెడ్‌రూంలో చిన్న దీపం ఒకటి ఉంచండి. రాత్రి అనేది బయటి చీకటి చూసి కాదు, మన ఇంటి లైట్లు చూసి వస్తుంది అని వాడికి అర్థమైంది. తెల్లవారుజామున లేస్తే లైట్ వెయ్యకండి, ఫోన్ అసలే ఇవ్వకండి, "ఇంకా రాత్రే" అని పక్కన పడుకోండి. మొదట్లో నరకం, తర్వాత సెట్ అయింది. ఫోన్ సంగతి అడిగారు కాబట్టి, 2024లో ఇక్కడి ప్రజారోగ్య సంస్థ రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకి రోజుకి ఎక్కువలో ఎక్కువ గంట అని చెప్పింది. మేం ఆ గంటని వంట టైముకి దాచుకుంటాం.

లైట్లంటే గుర్తొచ్చింది. ఈ ఆదివారం నుంచి అడ్వెంట్ (క్రిస్మస్ ముందు వారాలు) కదా, ప్రతి కిటికీలో కాగితపు నక్షత్రాలు, ఏడు దీపాల స్టాండ్లు పెడతారు. మీరూ పెట్టండి, మతం పట్టింపు ఏమీ లేదు, అది చీకటికి మందు. సాయంత్రం బండిలో కూర్చోబెట్టి నక్షత్రాలు లెక్కపెట్టిస్తూ తిప్పితే ఆ నాలుగు నుంచి ఆరు మధ్య పేచీ టైం గడిచిపోతుంది. జనవరి 13కి ఇక్కడివాళ్లు క్రిస్మస్ చెట్టు తీసి బయట పడేస్తారు, మన భోగికి అటూ ఇటూగా. మేం దీపాలు సంక్రాంతి దాటాకే తీస్తాం.

శనాదివారాలు మాత్రం గట్టి రూలు పెట్టుకోండి: పదకొండింటికి ఇంట్లో ఎవరూ ఉండకూడదు. వంట తర్వాత. మనవాళ్లు వీకెండ్ పొద్దున లేటుగా లేచి, టిఫిన్ చేసి, ఇండియాకి ఫోన్లు చేసి, తయారయ్యేసరికి రెండు. అప్పటికి రోజు అయిపోయింది. స్నోలో ఏం ఆడించాలో తెలియకపోతే ఒక ప్లాస్టిక్ స్లెడ్ (మంచు మీద జారే బండి) కొని తాడు పట్టుకుని లాగండి, చాలు. కారులో తీసుకెళ్తే ఆ లావు ఓవరాల్ తీసి సీట్లో కూర్చోబెట్టి, పైన దుప్పటి కప్పండి. ఓవరాల్ మీద బెల్టు బిగిసినట్టే ఉంటుంది కానీ లోపల వదులుగా ఉంటుంది, గుద్దుకుంటే పిల్ల జారిపోతుంది.

అత్తయ్యగారిని ఇక్కడికే పిలవొచ్చు కదా అని కూడా ఎవరో అంటారు. 90 రోజుల వీసా ఉంది కదా అని నవంబర్లో పిలవకండి. పగలంతా మీరు ఆఫీసులో, ఆవిడ ఒక్కతే నాలుగు గోడల మధ్య, బయట ఐసు మీద జారుతుందని భయం. ఫిబ్రవరి ఆఖర్లో పిలవండి. అప్పటికి మీకు పది గంటల పగలు, మంచు కూడా ఉంటుంది, మార్చిలో ఆ మంచు మీద ఎండ కాస్తుంటే ఆవిడే ఫొటోలు గ్రూపులో పెడుతుంది. బూట్ల కింద తగిలించుకునే ముళ్ల పట్టీలు కొనిపెట్టండి, ఇక్కడి ముసలమ్మలందరూ అవే వేసుకుని తిరుగుతారు.

సోఫాలో_దుప్పటి:

నవంబర్లో పిలవొద్దు అన్నదానికి ఒప్పుకోను. మా అమ్మ డిసెంబర్లోనే వచ్చింది, బిడ్డకి తోడు, మాకు వేడి వేడి అన్నం, ఆవిడకి సీరియళ్లు. మనిషిని బట్టి ఉంటుంది. ఒంటరితనం పడనివాళ్లయితే మీరన్నది కరెక్ట్.

రాజమండ్రి_టు_ఉమియో:

అందరికీ చాలా థాంక్స్ అండీ. నిన్న రాత్రి ఇదంతా మా ఆయనకి చదివి వినిపించాను. ఫొటో టైము చూస్తే నిజంగానే 11:20! మధ్యాహ్నం నిద్ర గురించి ఫోర్‌స్కూలాలో అడిగాను, గంటన్నర పైనే పడుకుంటోందట. వచ్చే వారం నుంచి తగ్గిస్తామన్నారు. బీవీసీలో చుక్కల గురించి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

జనవరిలో ముగ్గురం కలిసి వెళ్లేలా చూస్తున్నాం, మూడు వారాలు. అత్తయ్యగారికి ఇంకా చెప్పలేదు. అది మా ఆయన డ్యూటీ అని తేల్చేశాను.

ఇంకో రెండు అడుగుతాను. మూడు వారాలు వెళ్లొస్తే ఫోర్‌స్కూలాలో మళ్లీ మొదటి నుంచి అలవాటు చెయ్యాలా? ఇంకా, ముఖానికి ఏం రాయాలి? కొబ్బరినూనె రాద్దామంటే సీసాలో రాయిలా ఉంది, చెంచాతో గీకుతున్నాను. పాప చెంపలు గరుకుగా అయిపోయాయి.

లులియో_అక్క:

మూడు వారాలకి పెద్దగా ఏమీ ఉండదు, మొదటి రెండు పొద్దుటి పూటలు ఏడుస్తుంది, నువ్వు కాసేపు ఎక్కువ ఉండాల్సి రావచ్చు. మూడు నెలలు అయితే మాత్రం టీచర్లనీ భాషనీ మర్చిపోయి వస్తుంది, ఇన్‌స్కూలింగ్, అంటే పక్కనే ఉండి అలవాటు చెయ్యడం, మళ్లీ మొదలు. అన్నాళ్లు సీటు ఉంచుతారో లేదో కూడా కమ్యూన్‌ని (ఇక్కడి మున్సిపాలిటీని) అడగాలి. మీ ఆయనకి ఈ పాయింట్ చెప్పు, ఐటీ వాళ్లకి ఇలాంటివి బాగా ఎక్కుతాయి.

కొబ్బరినూనె 24 డిగ్రీల కింద గడ్డ కడుతుంది, ఇక్కడ ఇళ్లు అంతకంటే చల్లగా ఉంటాయి కాబట్టి ఏప్రిల్ దాకా అది అలాగే ఉంటుంది. స్నానానికి ముందు ఒంటికి రాయాలంటే సీసాని వేడినీళ్ల గిన్నెలో పెట్టు. బయటికి వెళ్లేముందు ముఖానికి మాత్రం ఫార్మసీలో చలికి రాసే క్రీము అడుగు, నీళ్లు లేకుండా అచ్చం కొవ్వుతో చేసినది. మామూలు లోషన్‌లో నీళ్లు ఎక్కువ, రాసి వెంటనే మైనస్‌లోకి తీసుకెళ్లొద్దు. ఇంట్లో హీటర్ వల్ల గాలి బాగా ఎండిపోతుంది, చెంపల గరుకుకి సగం కారణం అదే. రాత్రి పడుకునే ముందు మామూలు మాయిశ్చరైజర్ మందంగా రాయి.

నీ సంగతి కూడా చూసుకో. మధ్యాహ్నం లంచ్ డెస్క్ దగ్గర తినకు, పావుగంటైనా బయట నడువు, మబ్బుగా ఉన్నా సరే. మీ ఊళ్లోనే 2012లో కరెంటు కంపెనీ వాళ్లు బస్టాపుల్లో లైట్ థెరపీ దీపాలు పెట్టారు, బస్సు కోసం నిలబడ్డవాళ్ల మీద ఆ వెలుగు పడేది. పుట్టినప్పటి నుంచి ఇక్కడ ఉన్నవాళ్లకే అది కావాల్సొచ్చింది.

అన్నట్టు ఓవరాల్ కొత్తది కొనకు. మార్చికి పొట్టి అయిపోతుంది. బ్లాకెట్‌లో, అదే పాత వస్తువులు అమ్మే సైట్‌లో, ఒక సైజు పెద్దది వెతుకు. కొనేముందు మోకాళ్ల దగ్గరా పిరుదుల దగ్గరా గుడ్డ అరిగిందేమో చూడు, నీళ్లు లోపలికి దిగేది అక్కడే.